మూడో పేజీలో రాశాను

మార్చి 4

బావమరిదికి,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం అలవాటు. ఈసారి అలా రాయను. మీ అక్క క్షేమంగా లేదు, నేను అసలే లేను. ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటి అనుకుంటావేమో. ఇంట్లోంచి ఫోన్ చేస్తే మీ అక్కకి వినపడుతుంది. ఆపరేషన్‌లో పోయింది గొంతే, చెవులు కాదు. నేను చేయబోయే పని తెలిస్తే వద్దంటుంది. అందుకే కొట్లో కూర్చుని రాస్తున్నాను. జవాబు కూడా కొట్టు చిరునామాకే రాయి.

సంగతేమిటంటే, మీ కంపెనీలో ఉండగా నువ్వు తయారుచేసి ఇచ్చిన మాటపెట్టె చచ్చీ చావనట్టుంది. బొమ్మ నొక్కితే మీ అక్క గొంతు పలకాలి కదా. పలుకుతూ పలుకుతూ మధ్యలో బిగుసుకుపోతుంది. ఆపి మళ్ళీ వేస్తే లేవడానికి ఆరు నిమిషాలు. మీ కంపెనీ ఆ పెట్టెలు చేయడం మానేసి రెండేళ్ళయింది. ఫోన్ చేస్తే ఎత్తే నాథుడు లేడు. మొన్న మందుల షాపులో మీ అక్క "ఆ మందు నాకు పడదు" అనే వాక్యం నొక్కింది. పెట్టె "ఆ మందు నాకు" అని ఆగిపోయింది. షాపువాడు ఆ మందే పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. వెనక వరసలో వాళ్ళు తోసేస్తున్నారు. చేసేదిలేక తీసుకుని వచ్చేసింది. ఇంటికొచ్చాక నేను చూశాను కాబట్టి సరిపోయింది.

నేను కాటాలు బాగుచేసేవాణ్ణే. నీ అంత చదువు లేదు. కానీ ఇరవై ఏళ్ళుగా బోర్డులు విప్పి బిగిస్తున్నాను. ఆ పెట్టెలోని చిప్ మీద నడిచే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటుంది. ఎవరెవరో కలిసి రాసి ఊరికే ఇస్తున్నారు. తొమ్మిది సెకన్లలో లేస్తుందట, బిగుసుకోదట. దాన్ని ఏ బోర్డు మీదికైనా తెచ్చుకోవాలంటే ఆ బోర్డులో అన్నిటికంటే ముందు నడిచే బూట్‌లోడర్ ప్రోగ్రామ్ ఏమేం చేసిపెట్టాలో వాళ్ళే రాశారు. కరెంటు రాగానే మెమరీని లేపాలి. స్పీకర్ ఏ పిన్ను మీద ఉంది, స్క్రీన్ ఎక్కడ తగిలించారు అనే పట్టిక ఒకటి సిస్టమ్ చేతికివ్వాలి. లోపల ఏం జరుగుతోందో మనం చూసుకోవడానికి సీరియల్ వైరు తెరిచి ఉంచాలి. ఆ తర్వాత పక్కకి తప్పుకోవాలి. నువ్వు రాసిన బూట్‌లోడర్ అన్నీ చేస్తుంది, తప్పుకోవడం ఒక్కటే చేయదు. కొత్త సిస్టమ్ పెట్టగానే "ముద్ర లేదు" అని ఒక్క ముక్క చూపించి మొండికేస్తుంది. మీ కంపెనీ ముద్ర ఉన్నదాన్నే లేపుతుందట.

అంటే నా భార్య నోటికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళిపోయావన్నమాట. పట్టిక పంపు. తాళం తీసే దారి చెప్పు. మీ అక్క పెట్టె వెనక ఉన్న నంబరు కింద రాశాను.

తొందరలో,
మీ బావ


మార్చి 11

బావగారికి నమస్కారం.

మీ ఉత్తరం ఆఫీసులో, అన్నం డబ్బా తెరిచి చదివాను. చదివాక డబ్బా మూసేశాను.

మిమ్మల్ని ఆ పెట్టె విప్పమన్నదెవరు? ఆ ముద్ర కంపెనీ లాభం కోసం పెట్టింది కాదు. అది మనిషి బదులు మాట్లాడే పెట్టె. అందులో ఎవడు పడితే వాడు, ఏది పడితే అది ఎక్కించగలిగితే, రేపు ఎక్కడో సంతకం దగ్గర అక్క "వద్దు" అని నొక్కినప్పుడు అది "సరే" అనదని మీరు హామీ ఇస్తారా? మీ కాటా తప్పు చూపిస్తే నాలుగు గింజలు అటూ ఇటూ అవుతాయి. ఇది అలాంటిది కాదు.

అయినా స్క్రూడ్రైవర్ చేతికొస్తే మీరేం చేస్తారో మాకు తెలియనిదా? పెళ్ళైన నెలకే మా ఇంటి రేడియో బాగుచేస్తానని విప్పారు. ఆ ముక్కలు అమ్మ బిస్కెట్ల డబ్బాలో పోసి అటక మీద పెట్టింది. అల్లుడు కదా, నోరెత్తలేకపోయింది. ఆ డబ్బా ఇప్పటికీ ఉంది, కదిపితే గలగలమంటుంది.

ఆ పెట్టెలో పదకొండు వందల నలభై వాక్యాలున్నాయి. ఆపరేషన్‌కి ముందు మూడు వారాలు అక్క పక్కన కూర్చుని ఒక్కొక్కటీ రికార్డు చేసింది నేను. ఆ గొంతు ఇంక పుట్టదు. ఆ సంగతి మీకు గుర్తుందా లేక తొమ్మిది సెకన్లే కనిపిస్తున్నాయా?

మీరు రాసిన నంబరు బోర్డుకి సరిపోయే పట్టిక ఇందులో పెట్టాను. కొత్త సిస్టమ్ వాళ్ళు చెప్పిన తీరులోనే రాశాను. తాళం సంగతి ఇప్పుడే అడగకండి. నేనిప్పుడు లిఫ్టుల కంపెనీలో ఉన్నాను. ఆ పాత తాళంచెవి నా జేబులో లేదు, పాత కంపెనీ బీరువాలో ఉండిపోయింది. ముందు ఆ సీరియల్ వైరులో వచ్చే మొదటి పది వరసలు రాసి పంపండి.

ఏదైనా అక్కని అడిగి చేయండి. పెట్టె ఆమెది.

మీ బావమరిది


మార్చి 20

బావమరిదికి,

నీ ఉత్తరం అందింది, ఒళ్ళు మండింది. మండుతూనే చదివాను.

పదిహేనేళ్ళ నాటి రేడియో ఎత్తావు. సరే, నేనూ ఒకటి ఎత్తుతాను. ఆ మూడు వారాలు నా ఇంట్లో, నా గదిలో, నా భార్య గొంతు రికార్డు చేస్తూ, నా ఊపిరి చప్పుడు పడుతోందని నన్ను బయటికి పొమ్మన్నావు. ఫ్యాను ఆపావు, కిటికీలు మూశావు, తలుపు కింద దుప్పటి కుక్కావు. నేను వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆమె సొంత గొంతుతో మాట్లాడిన ఆఖరి రోజులవి. పదకొండు వందల నలభై వాక్యాలూ నువ్వు విన్నావు. నేను తలుపు చూశాను. ఇప్పుడు నాకు గుర్తుందా అని అడుగుతున్నావు!

నీ పట్టిక సంగతి విను. మీ అక్క పెట్టె మీద ప్రయోగాలు చేసేంత మూర్ఖుణ్ణి కాను. పాత సామాను అమ్మే చోట అలాంటి బోర్డే ఇంకొకటి దొరికింది. ఇది ఎందుకో ముద్ర కూడా అడగడం లేదు, ఏది పెడితే అది లేపుతోంది. సరే మంచిదే అని కొత్త సిస్టమూ, నువ్వు పంపిన పట్టికా ఎక్కించాను. స్పీకర్ కెవ్వుమని అరిచి, ఇంత పొగ వదిలి చచ్చిపోయింది. కాటా ఇవ్వడానికి వచ్చిన మనిషి దాన్ని బల్ల మీద వదిలేసి వీధిలోకి పరిగెత్తాడు. కావాలనే తప్పుడు పట్టిక పంపావా? నాకు బుద్ధి చెప్పాలనా? అదే మీ అక్క చెవి దగ్గర అరిచి ఉంటే?

అడిగిన పది వరసలూ, బోర్డు ఫోటో పెడుతున్నాను.

మీ అక్కని అడగమన్నావు. అడగను. అడిగితే "ఉన్నది చాలు" అంటుంది. పెళ్ళైనప్పటినుంచీ అదే మాట. కుట్టుమిషనుకి మోటారు పెడతానన్నా అదే, వంటింట్లో లైటు మారుస్తానన్నా అదే. ఆమెకేదైనా మంచి చేయాలంటే చెప్పకుండా చేసెయ్యాలి. చేశాక తనే సంతోషిస్తుంది. నువ్వు కూడా నోరు జారకు.

తాళం తీసే దారి పంపుతావా, లేక నేను వచ్చి నీ గుమ్మంలో కూర్చోనా?

మీ బావ


మార్చి 28

బావగారికి,

నమస్కారం ఇంకా మిగిలే ఉంది, తీసుకోండి.

మీరు నంబరు రాసింది అక్క బోర్డుది. పొగ తెప్పించింది వేరే బోర్డుకి. ఫోటో చూడగానే తెలిసింది. అది మొదటి విడతలో చేసినది. దానికి ముద్రా లేదు, తాళమూ లేదు, స్పీకర్ పిన్ను కూడా వేరు. ఒక ఇంటి చిరునామా ఇచ్చి ఇంకో ఇంట్లో దూరి, తలుపు మీద పడిందని తాపీమేస్త్రీని తిట్టే మనిషిని మిమ్మల్నే చూశాను. ఒక్క మాట, ఒకే ఒక్క మాట, "ఇది అక్క బోర్డు కాదు, ఇంకోటి" అని ముందే రాసి ఉంటే సరిపోయేది. రాయరు. ఎందుకంటే మీరు తప్పు చేయరు, చేసినా అది ఎదుటివాడిది. పైగా నేను కావాలని చేశానంటారా? మా అక్క చెవి దగ్గర అరవాలని నేను పట్టిక రాస్తానా? ఆ మాట రాయడానికి మీకు చెయ్యెలా వచ్చింది? మీవి కాటాలు కొట్టుకునే బండ చేతులు బావగారూ. వాటితో సున్నితమైన పని చేయబోతే ఇంతే జరుగుతుంది. తలుపు బయట కూర్చోబెట్టానని ఏళ్ళు గడిచాక ఏడుస్తున్నారు. లోపల కూర్చోబెడితే అందులో మీ దగ్గు తప్ప ఏమీ మిగిలేది కాదు.

(రెండో పేజీ)

తిట్టడం అయింది. ఇక పని.

మందుల షాపు సంగతి రోజూ గుర్తొస్తోంది. అందుకే, ఇష్టం లేకపోయినా, తాళం తీసే మెమరీ కార్డు పంపుతున్నాను. బూట్‌లోడర్ రాసినప్పుడు మరమ్మతు కోసమని ఒక దారి వదిలిపెట్టాను. ఈ కార్డు అక్క బోర్డు నంబరుకి మాత్రమే పనిచేస్తుంది. కరెంటు తీసి, కార్డు దూర్చి, పక్కనున్న చిన్న బటన్ నొక్కి పట్టుకుని కరెంటు వేయాలి. సీరియల్ వైరులో "తాళం తీయబడింది" అని వస్తుంది. ఆ తర్వాత బూట్‌లోడర్ ముద్ర అడగదు. మీ దగ్గరున్న రెండో బోర్డుకి సరిపోయే పట్టిక కూడా విడిగా రాసి, పేరు అతికించి, కార్డుతోపాటు కవర్లో పెట్టాను. రెండూ కలిపేయకండి.

(మూడో పేజీ)

జాగ్రత్తగా చదవండి. తాళం తీసిన మరుక్షణం చిప్ లోపల ఉన్న ఒక రహస్య సంఖ్య చెరిగిపోతుంది. దొంగ ఎవడైనా పెట్టె తెరిస్తే అందులోని గొంతు వాడికి దొరక్కూడదని అలా పెట్టాం. అక్క వాక్యాలన్నీ ఆ సంఖ్యతో కలిపే దాచాను. అది పోతే ఫైళ్ళు ఉంటాయి, గొంతు ఉండదు. దాన్ని నేను కూడా వెనక్కి తేలేను.

కాబట్టి కార్డు పెట్టకముందే గొంతుని బయటికి కాపీ తీయాలి. పాత సిస్టమ్‌లోనే, సెట్టింగుల్లో అన్నిటికంటే కింద ఉన్న బటన్. కేబుల్ తగిలించి పదకొండు గంటలు కదిలించకుండా ఉంచాలి. అది పూర్తయి, కాపీలో అక్క గొంతు పలుకుతోందని మీ చెవులతో విన్నాకే కార్డు.

మీ బావమరిది


ఏప్రిల్ 7, మధ్యాహ్నం మూడున్నర

ఒరేయ్,

ఏం పెట్టావు ఆ కార్డులో?

నీ ఉత్తరంలో "బండ చేతులు" అన్నచోట ఆపేశాను. ఈ చేతులే ఆపరేషన్ తర్వాత నెల రోజులు మీ అక్కకి గొట్టంలోంచి పాలు పోశాయి. మిగతా పేజీలు కూడా ఇలాంటి కూతలే ఉంటాయని మడిచి సొరుగులో విసిరేశాను. కార్డూ పట్టికా విడిగా కవర్లో ఉన్నాయి కాబట్టి నీ తిట్లతో నాకు పని లేకపోయింది. కార్డు దూర్చేచోట పక్కన బటన్ ఒకటే ఉంది, ఎలా వాడాలో చూస్తే తెలుస్తుంది.

అయినా తొందరపడలేదు. ముందు విడి బోర్డు మీద పెట్టి చూశాను. ఏ గొడవా లేదు. కొత్త స్పీకర్ వేశాను, దాని పట్టిక వేశాను, సిస్టమ్ తొమ్మిది సెకన్లలో లేచింది. వారం రోజులు ఆపకుండా నడిపాను, ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. నువ్వు నా పక్కన లేవుగానీ ఉంటే భుజం తట్టేవాణ్ణి, అంత సంతోషం వేసింది.

ఇవాళ మీ అక్క డాక్టరుకి చూపించుకోవడానికి వెళ్ళింది. పెట్టె శుభ్రం చేస్తానని చెప్పి ఉంచుకున్నాను. పాపం కాగితాల పుస్తకం పట్టుకుని వెళ్ళింది. కార్డు పెట్టాను, తాళం తీయబడింది అని వచ్చింది. కొత్త సిస్టమ్ ఎక్కించాను, లేచింది. ఫైళ్ళన్నీ ఉన్నాయి. లెక్కపెట్టాను, పదకొండు వందల నలభై, ఒక్కటి తగ్గలేదు. కానీ ఏది నొక్కినా రేకుల మీద వాన పడ్డట్టు ఒకటే చప్పుడు. మొదటిది నొక్కినా వానే, ఆఖరిది నొక్కినా వానే. వందదాకా నొక్కి చూశాను.

నా మీద పగ ఉంటే నన్ను తిట్టు, వచ్చి కొట్టు. మీ అక్క గొంతు మీద తీర్చుకుంటావా? నాలుగింటికి ఆమె వస్తుంది. ఏం చెప్పమంటావు? దీన్ని ఎలా సరిచేయాలో వెంటనే రాయి.

మీ బావ


ఏప్రిల్ 11

బావగారికి,

మూడో పేజీలో రాశాను.

సొరుగు తీసి ఆ మూడో పేజీ చదవండి. చదివాక ఈ ఉత్తరం చదవండి.

చదివారా? మీ దగ్గరున్న రెండో బోర్డుకి తాళమే లేదని మొదటి పేజీలోనే ఉంది, అది కూడా చదవలేదా? కార్డు దాన్ని ఏమీ చేయదు. తాళం లేని బోర్డు మీద తాళం తీసి చూసి, అంతా బాగానే ఉందని తేల్చుకున్నారు. దాంట్లో గొంతూ లేదు, పోవడానికి. వారం రోజులు నడిపి మీరు పరీక్షించింది ఏమీ లేదు. ఒక్క మాటకి రోషం వచ్చి పేజీ తిప్పలేకపోయారు. మీ రోషం ఖరీదు మా అక్క గొంతు.

ఫోన్ చేద్దామని మూడుసార్లు తీశాను. అక్క ఎత్తితే? ఎత్తినా అవతలనుంచి నాకేం వినపడుతుంది?

సరిచేయడం కుదరదు. మీరు అడిగిన దానికి జవాబు అదే. అసలు రికార్డింగులు పాత కంపెనీ మెషీన్‌లో ఉండేవి. పెట్టె చేతికిచ్చిన వారంలో వాటిని చెరిపేసింది నేనే. ఒక మనిషి గొంతు ఇంకెవరి దగ్గరా ఉండకూడదని అక్కడ నియమం. ఆ నియమం రాసిందీ నేనే, కింద సంతకం పెట్టిందీ నేనే.

ఇంకో సంగతి కూడా రాయాలి. రాయకుండా ఉందామని చూశాను, కుదరలేదు. మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఒకసారి చేస్తే వెనక్కి తీసుకోలేని పని ఏదైనా ఉంటే, దాన్ని కాగితానికి నెత్తిన, ఎర్ర అక్షరాలతో, అన్నిటికంటే ముందు రాయాలి. లిఫ్టు బ్రేకుల కాగితంలో ఎవరైనా అలా రాయకపోతే నేను నిలబెట్టి కడిగేస్తాను. మీకు రాసేటప్పుడు మాత్రం తిట్లు ముందు రాశాను. కావాలనే. పని ఎలాగూ ఆఖర్న ఉంటుంది కాబట్టి, అక్కడిదాకా రావాలంటే నా తిట్లన్నీ తిని రావాల్సిందే అనుకున్నాను. అలా రాస్తున్నప్పుడు నాకు సంతోషంగా కూడా ఉంది.

మీరు పేజీ తిప్పలేదు. నేను తిప్పకుండా చేశాను. ఎవరిది ఎక్కువో మీరే తూచుకోండి, ఆ పని మీకొచ్చు.

అక్కకి చెప్పారా?

మీ బావమరిది


ఏప్రిల్ 17

తమ్ముడికి,

ముందు పని. ఆదివారం పొద్దున పదింటికి ఇక్కడ ఉండు. సెలవు లేదు, రైలు లేదు అని రాయకు.

ఇక తిట్లు.

మీ బావ పెట్టె తెచ్చి నా ముందు పెట్టారు. వారం రోజులు "బాగవుతుంది, బాగవుతుంది" అన్నారు. నీ ఆఖరి ఉత్తరం వచ్చాక ఆ మాట కూడా అనలేదు. సొరుగులోంచి కట్ట తెచ్చి నా ఒళ్ళో పడేసి వసారాలోకి వెళ్ళిపోయారు. రసీదుల అలవాటు కదా, ఆయన ఏది రాసినా కింద కార్బన్ కాగితం పెడతారు. అందుకని ఇద్దరివీ చదివాను. అన్ని పేజీలూ చదివాను. ఆ మూడో పేజీ కొత్త నోటులా ఉంది.

చదువుతుంటే ఎంత అసహ్యం వేసిందో రాయలేను. రేడియో గురించి ఉంది. దగ్గు గురించి ఉంది. ఎవరు లోపల కూర్చున్నారు, ఎవరు బయట కూర్చున్నారు అనేది ఉంది. చచ్చిన స్పీకర్ గురించి పేరా ఉంది. నేను మాత్రం మందుల షాపులో నిలబడ్డ కాసేపే ఉన్నాను. ఆ తర్వాత మీకు నాతో పని పడలేదు. నువ్వు "అక్కని అడిగి చేయండి" అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకున్నావు. ఆయన అడగనన్నారు. అడగనంటే నువ్వు మళ్ళీ అనలేదు, కార్డు చేసి పంపావు.

మీ బావ తలుపు చూస్తూ కూర్చున్నారట. లోపల నేను చెప్పినవాటిలో రెండొందలు ఆయనకి చెప్పేవే. నీకు తెలుసు, పక్కనే ఉన్నావు. ఆ మాటైనా ఆయనకి రాసి ఉండొచ్చు. దగ్గు గురించి రాశావు.

ఇప్పుడు పెట్టెలో ఎవరో ఆడమనిషి గొంతు ఎక్కించారు. తొమ్మిది సెకన్లలో లేస్తుంది, బిగుసుకోదు, మీ బావ చెప్పినట్టే ఉంది. దాంతో ఆయన్ని తిట్టాను. వార్తలు చదివినట్టు తిట్టింది. ఆయన ఏడ్చారు. చూసి నాకు ఇంకా ఒళ్ళు మండింది. నేను చెప్పినవాటిలో తిట్లు నలభై ఉండేవి. ఒక్కోదాన్ని ఎంతెంత కోపంతో అనాలో నువ్వే చెప్పి మళ్ళీ మళ్ళీ అనిపించావు. నవ్వులు మూడు రకాలు. నాకు ఇవాళ అన్నిటికంటే ఆ తిట్లే కావాలి, ఒక్కటి కూడా లేదు.

ఆదివారం ఇద్దరూ నా ఎదురుగా కూర్చుంటారు. ఉత్తరాలు నా దగ్గరున్నాయి. ఎవరు రాసినవి వాళ్ళు పైకి చదవాలి, మొదటినుంచి చివరిదాకా, మధ్యలో ఆపకుండా. మీ గొంతులకేం ఇబ్బంది లేదు కదా.

ఇంకొకటి. పెట్టె చేతికిచ్చిన రోజు నువ్వు నాకొక కేబుల్ ఇచ్చావు. "అక్కా, రేపెప్పుడైనా ఎవరైనా దీని తాళం తీస్తామంటే ముందు కాపీ తీయించు, లేకపోతే మొత్తం పోతుంది" అన్నావు. ఏ బటన్ నొక్కాలో రెండుసార్లు చూపించావు. ఇన్ని పేజీలు రాసినవాడివి, ఆ సంగతే మర్చిపోయావు. కేబుల్ నా బీరువాలో, చీరల కింద ఉంది. పదకొండు గంటలు మాట లేకుండా కూర్చోవాలంటే బద్ధకమేసి నేను ఇన్నాళ్ళూ కాపీ తీయలేదు. అది నా తప్పు, మీరెవరూ దాంట్లో వాటా అడక్కండి. కానీ తాళం తీస్తున్నామని మీ ఇద్దరిలో ఏ ఒక్కరు నాతో అన్నా, లేచి వెళ్ళి ఆ కేబుల్ తెచ్చి చేతిలో పెట్టేదాన్ని.

నెల రోజులు మీరు ఉత్తరాలు రాసుకున్నారు. నేను ఇంట్లోనే ఉన్నాను. అప్పటికి నాకింకా గొంతు ఉంది. అడిగితే చెప్పేదాన్ని.

అక్క